పక్క దిబ్బ మీది గడ్డి

తాక్ మల్‌సున్ కొరియా దక్షిణ తీరాన తోంగ్యోంగ్ రేవులో ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. అరవై దాటాయి. నిలబడి నిలబడి నడుము వంగింది కానీ నోరు వంగలేదు. అంతటి మనిషీ ఒక్క కలకు మాత్రం జడుస్తుంది. చిన్నప్పటి నుంచీ అదే కల. వంటింటి గుమ్మం బయట ఒక ముసలాయన నిలబడి ఉంటాడు. తల నిండా, భుజాల నిండా కోసిన పచ్చిగడ్డి. ఏమీ అడగడు. పొయ్యి మీది అన్నం కుండకేసి చూస్తూ ఉంటాడు.

"ఏదో దిక్కులేని దెయ్యంలేవే. రెండు మెతుకులు బయట విసిరేసి పడుకో" అనేవాడు తండ్రి దొల్సే.

దొల్సే చిన్నతనంలోనే యుద్ధంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, ఊరికి ఒంటరిగా తిరిగొచ్చినవాడు. ఎవరితో మాటా మాటా వచ్చినా అవతలివాడి దగ్గర ఒకటే తిట్టు సిద్ధంగా ఉండేది, వేరులేనివాడా అని. ఆ మాట ఆయన్ని చచ్చేదాకా కొరుక్కు తింది. అందుకే ఏటా ఆకులు పండే వేళకు కూతుర్ని వెంటబెట్టుకుని కొండెక్కేవాడు. తన ముత్తాత సమాధి దిబ్బ మీద గడ్డి కోసి, బియ్యపు సారా పోసి, సాగిలపడి మొక్కేవాడు. పోతూ పోతూ కూతుర్ని ఒకటే అడిగాడు.

"మన వంశం వాళ్ల పూజలో నా పేరు చదివించవే. ఒక్కసారి చాలు."

ఆడపిల్లల్నీ వంశసంఘంలో చేర్చుకుంటున్నారని తెలియగానే మల్‌సున్ దరఖాస్తు పెట్టింది. షెడ్డులో పక్కన నిలబడే ఓక్‌బున్ ఊరుకుంటుందా?

"చచ్చినోళ్ల గుంపులో చేరడానికి ఇంత ఆరాటమేంటే? ఎలాగూ చేరేదే కదా!"

"నోర్ముయ్యవే. నా కోసమా? మా నాన్న కోసం."

సంఘం తరఫున హ్యోన్‌మో అనే పెద్దాయన వచ్చాడు. ఊరి పేరూ తాతల పేర్లూ సరిపోయాయి. ఇక మిగిలింది సమాధి. పూర్వం చదువుకున్నవాళ్లను పూడ్చేటప్పుడు పేరు రాసిన పింగాణి పలకను కూడా సమాధి ముందు మట్టిలో పెట్టేవారు. అది దొరికితే దొల్సే తాక్ వంశంవాడు. దొరక్కపోతే ఊరివాళ్లన్న మాటే నిజమవుతుంది.

ఇద్దరూ కొండెక్కారు. హ్యోన్‌మో సారా పోసి, "కాస్త కదిలిస్తున్నాం, కోప్పడకండి" అని లోపలి మనిషికి చెప్పుకుని పార వేశాడు. పలక తగిలింది. మల్‌సున్ చేత్తో మట్టి తుడిచింది. ఆ పాత అక్షరాలు ఆమెకు రావు కాబట్టి ఆయన ముఖమే చూస్తూ నిలబడింది.

"అమ్మాయ్, ఇది తాక్ కాదు. నామ్ అని ఉంది. ఈయన మనవాడు కాదు."

"అదేంటి పెదనాన్నగారూ! మా నాన్న జన్మంతా మొక్కాడే ఈయనకి!"

హ్యోన్‌మో అటూ ఇటూ చూసి, కాస్త అవతల ముళ్లపొదల్లో కుంగిపోయిన చిన్న దిబ్బ దగ్గరికి వెళ్లాడు. దాని మీద కుళ్లిన గడ్డి మోకాలెత్తున పేరుకుని ఉంది.

"ఇంత గడ్డి ఇక్కడెవరు పోశారు?"

మల్‌సున్‌కు తెలుసు. పోసింది తామే. పెద్ద దిబ్బ మీద కోసిందంతా తండ్రి ఏటా అటే విసిరేవాడు. చిన్నప్పుడు ఆమె కూడా పోటీపడి విసిరేది. తినబోయే ముందు దిక్కులేని దెయ్యాలకని "గోసురే" అంటూ పారేసే మొదటి ముద్ద కూడా అటే పడేది.

గడ్డి తీసి తవ్వితే అక్కడా పలక దొరికింది. హ్యోన్‌మో వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు.

"తాక్! మీ నాన్న ముత్తాత పేరూ అదే! నువ్వు మా పిల్లవే అమ్మాయ్!"

మల్‌సున్ ఆ మట్టిలోనే కూలబడింది. వేరులేనివాడన్న మాట పడలేక, చెప్పే పెద్దలు లేక, పసివాడైన దొల్సే రెండు దిబ్బల్లో పెద్దదే తనవాళ్లదై ఉంటుందనుకున్నాడు. సొంతవాళ్లు పక్కనే ఎవరికో విందు పెట్టి, తన మీద చెత్త పోసి పోతుంటే ముత్తాత ఇన్నాళ్లూ చూస్తూ పడుకున్నాడు.

చలి మొదలయ్యాక జరిగిన వంశపూజలో దొల్సే పేరు గట్టిగా చదివారు. తెల్లబట్టల పెద్దలంతా ఒక్కసారిగా వంగారు. మల్‌సున్ వెక్కి వెక్కి ఏడ్చింది. అయినా ఆమె ఎదురుచూసిన సంతోషం రాలేదు. ముక్కుకు పచ్చిగడ్డి వాసనే కొడుతూ ఉంది. మళ్లీ కల వచ్చినప్పుడు గుమ్మం బయట ఇద్దరున్నారు. తండ్రి వంగి ముసలాయన భుజాల మీది గడ్డిపోచలు ఏరుతున్నాడు. ఎంత ఏరినా అవి తరగడం లేదు.

మరుసటి ఏడు కొడవలి పట్టుకుని ఒక్కతే కొండెక్కింది. ముందు తనవాళ్ల దిబ్బ బాగుచేసింది. "ఆ నామ్ ముసలాయన సంగతి నీకెందుకమ్మాయ్" అని హ్యోన్‌మో చెప్పినా వినకుండా పెద్ద దిబ్బ మీదా గడ్డి కోసింది. రెండు చోట్లా అన్నం పెట్టి మొక్కింది. కోసిన గడ్డి మోపెడయింది. విసరబోయి చెయ్యెత్తింది. అటు చూస్తే పొదల కింద నేల కాస్త ఎత్తుగా ఉంది. ఇటు చూసినా అంతే. ఏది ఉత్త మట్టో, ఎక్కడ ఎవరున్నారో ఆమెకు తెలియలేదు.

"వద్దు నాన్నా" అంది పైకే.

మోపు కట్టి నెత్తికెత్తుకుని కొండ దిగింది. దారి పొడుగునా గడ్డిపోచలు తల మీదా భుజాల మీదా రాలుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చి మోపు దించింది కానీ లోపలికి అడుగు పెట్టలేకపోయింది. వంటింటి గుమ్మం బయట, పొయ్యి మీది అన్నం కుండకేసి చూస్తూ నిలబడిపోయింది.