బావురుపిల్లి కళ్ళు

మా జూ పెద్దదేం కాదు. బందరు పొలిమేరలో కొన్ని జింకలు, నెమళ్ళు, ఒక మొసలి. మొసలి కదలదు కాబట్టి అది సిమెంటుదా అని అడుగుతారు జనం. నేను రోజూ గుడివాడ నుంచి పాసింజరులో వచ్చి, స్కూలు పిల్లలకి జంతువుల గురించి చెబుతాను. నా ఉద్యోగం పేరు ఐడీ కార్డు మీద రెండు లైన్లు పడుతుంది. పని మాత్రం ఎక్కువగా ‘ముట్టుకోకండి’ అనడం.

బావురుపిల్లి ముదినేపల్లి వైపు నుంచి వచ్చింది. నీళ్ళలోకి దిగి చేపలు పట్టుకు తినే అడవిపిల్లి అది. పుస్తకాల్లో అరుదైన జాతి, చేపల చెరువుల వాళ్ళకి దొంగ. గట్టు తవ్వుతుంటే పొక్లెయిన్ కింద తల్లి పోయి, అరచేతిలో పట్టే కూన మిగిలింది. మా దగ్గర జంతువులకి మేత వేసే ఆవిడ దాన్ని తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, సీసాతో పాలు పట్టి పెంచింది. దివిసీమ మనిషి. పెద్దయ్యాక కూడా దానికి ఆవిడ గొంతు తప్ప ఇంకెవరి గొంతూ నచ్చేది కాదు. నేను పిల్లలకి దాని గురించి చెప్పడం మొదలెట్టగానే తొట్టి చాటుకి వెళ్ళిపోయేది.

నిరుటి వానల్లో జబ్బు చేసి చచ్చిపోయింది. డాక్టరుగారు చెవుల్లోంచి స్టెతస్కోపు గొట్టాలు తీసేశాక, ఆవిడ పక్కన కూర్చుని, దాని కళ్ళ మీద అరచెయ్యి పెట్టి, రెప్పలు మూసుకుని నిలిచేదాకా అలాగే ఉంచింది. ఆవిడది చర్చికెళ్ళే కుటుంబం. వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే ఆ పని అందరిలోకీ దగ్గరవాళ్ళదే. తర్వాత చేతులు కడుక్కుని జింకలకి గడ్డి వేయడానికి వెళ్ళింది.

“కాల్చేస్తే ఏం మిగుల్తుందండీ? స్టఫ్ చేయించి పెడితే మన తర్వాత కూడా పిల్లలు చూస్తారు” అన్నారు క్యూరేటరు గారు. అనుమతులు వచ్చేదాకా దాన్ని క్యాంటీన్ వాళ్ళ పాత ఐస్‌క్రీం ఫ్రీజరులో ఉంచాం. ఆ ఏడాది స్టాఫులో ఎవరూ ఐస్‌క్రీం తినలేదు. హైదరాబాదు నుంచి వచ్చినాయన తోలు తీసి, ఫోము బొమ్మకి తొడిగి కుట్టాడు. మిగతాది అధికారుల ఎదుట దహనం చేశారు. ఆవిడ రాలేదు.

కళ్ళ దగ్గర పని ఆగింది. ఆయన తెచ్చిన గాజుకళ్ళు కుక్కలకి సరిపోతాయట. “చిలకలపూడిలో అమ్మవార్లకే కళ్ళు చేస్తున్నారు, పిల్లి ఎంతండీ?” అన్నారు క్యూరేటరు గారు. ఫొటో పట్టుకుని నేనే వెళ్ళాను. అమ్మవార్లకి కళ్ళు చేసే రోల్డుగోల్డు పనాయన ఫొటోని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“చూపులో కళ లేదండీ.”

“పిల్లి కదండీ.”

“పిల్లయితే మాత్రం? నలుగురూ చూసేది గదా. నేను పెడతాగా.”

పెట్టాడు. తెల్లటి గుడ్డు, మధ్యలో గుండ్రటి నల్ల పాప, కొసల్లో సన్నటి ఎర్ర జీర. గులాబీరంగు కాగితంలో చుట్టి ఇచ్చాడు. బిగించాక చూస్తే పిల్లి ఒంట్లోంచి ఎవరో చూస్తున్నట్టుంది. హైదరాబాదు ఆయన బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు.

మేము విజ్ఞానం పంచుదామని పెట్టాం, జనం భక్తితో పుచ్చుకున్నారు. గాజుపెట్టె ముందు చెప్పులు విడిచేవారు. ఒకావిడ పసిపిల్లాడి చేత దణ్ణం పెట్టించింది. నేను అంతకుముందు ఆ పెట్టె పెట్టిన గదిలోనే ఫ్యాను కింద కూర్చుని అన్నం తినేవాణ్ణి. పెట్టె వచ్చాక క్యారియరు తీసుకుని వరండాలోకి మారాను. లోపల ఉక్కగా ఉందని చెప్పాను, మాఘమాసంలో.

పెంచిన మనిషే చెబితే పిల్లలకి హత్తుకుంటుందని, ఆవిణ్ణి పెట్టె పక్కన నిలబెట్టారు క్యూరేటరు గారు. మొదట్లో కాస్త చెప్పేది. రానురాను “ఇది బావురుపిల్లి, చేపలు తింటది” దగ్గర ఆగిపోయేది. ఒకరోజు నా దగ్గరికి వచ్చింది.

“మాస్టారండీ, నేను పని మానేస్తానండీ.”

“ఏమైందక్కా?”

“అది నన్ను చూస్తందండీ.”

“అందర్నీ చూస్తుంది. ఆ కళ్ళు అలా కుదిరాయి.”

“అట్టా కాదండీ. బతికున్నప్పుడు నా చేతి వంకే చూసేది, చేప ఉందా లేదా అని. ఇప్పుడు మొహంలోకి చూస్తంది. కళ్ళు నేను మూశాను గదా, ఎవరు తెరిచారని అడుగుతున్నట్టు.”

కళ్ళు తెచ్చింది ఎవరో ఆవిడకి తెలుసు. మర్యాదస్తురాలు కాబట్టి ‘ఎవరు’ అంది.

“మా వాళ్ళు చచ్చిపోయారనరండీ, ప్రభువులో నిద్రించారంటారు. కళ్ళు తెరుచుకుని ఎవరన్నా నిద్రపోతారాండీ?”

“అది పిల్లి కదక్కా.”

“పిల్లికి నిద్ర లేదాండీ?”

జంతుశాస్త్రంలో దీనికి జవాబుంది, కానీ ఆవిడ అడిగింది అది కాదు.

క్యూరేటరు గారికి చెప్పాను. “కళ్ళు మూసిన జంతువుని ఎవరు చూస్తారండీ? ఇదేమన్నా మార్చురీనా?” అన్నారు. ఆవిడ మానేస్తే మొసలి దగ్గరికి మేత పట్టుకెళ్ళేది ఎవరని అడిగాను. ఆయన కిటికీలోంచి మొసలి వైపు చూసి, “ఏం చేస్తారో చేసుకోండి, నాకు మాత్రం చెప్పకండి” అన్నారు. మా దగ్గర పనులన్నీ ఈ ఉత్తర్వు మీదే జరుగుతాయి.

సందర్శకులకి సెలవురోజు పొద్దున్నే ఇద్దరం పెట్టె తెరిచాం. కలరా ఉండల వాసన. పట్టకారుతో కళ్ళు ఊడదీశాను. వెనక తెల్లటి మట్టి. కళ్ళు నా చేతిలోకి వచ్చేశాయి, అది చూడటం మాత్రం మానలేదు. నాకు బయటికి వెళ్ళాలనిపించింది. ఒక చేత్తో పెట్టె మూత పట్టుకుని ఉన్నాను కాబట్టి వెళ్ళలేదు.

ఆవిడ వేణ్ణీళ్ళలో మెత్తబెట్టిన మైనం ఆ గుంటల్లో అద్ది, రెప్పల్లా దిద్ది, పైన మట్టిరంగు పూసింది. తర్వాత ఒక పల్చటి గుడ్డ కప్పి, దాని మీద అరచెయ్యి పెట్టింది. మైనం గట్టిపడేదాకా తియ్యలేదు. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనో, జోలపాటో, నేను అడగలేదు.

మర్నాడు క్యూరేటరు గారు వచ్చి చూసి ఉలిక్కిపడ్డారు. “ఇదేంటండీ, అచ్చం చచ్చిపోయినట్టుంది!”

“అవునండీ” అంది ఆవిడ.

ఆ వారం పామిడిముక్కల వైపు నుంచి స్కూలు పిల్లలు వచ్చారు. ఒకమ్మాయి అద్దానికి ముక్కు ఆనించి, “పడుకుందా?” అని అడిగింది.

“లేదమ్మా, చచ్చిపోయింది. ఇది దాని తోలు” అని చెప్పి, ఆవిడ అది కూనగా ఉన్నప్పుడు సీసా పాలపీకలు ఎలా కొరికి పారేసేదో మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. బస్సుకి టైమవుతోందని టీచరుగారు గుర్తు చేయాల్సివచ్చింది. పిల్లలు ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించారు. నేను గుమ్మం బయటే నిలబడి విన్నాను. అక్కడికి కూడా బాగానే వినపడుతోంది.