గొర్రు తోలని బరి

మా నాన్నకు దారిలో రాయి కనిపిస్తే చాలు, వంగి తీసి గట్టు అవతలికి విసిరేవాడు. పెళ్ళికి వెళ్తున్నా అంతే. పట్టుపంచె కట్టుకుని నడిరోడ్డు మీద ఆయన వంగుతుంటే మా అమ్మ తల కొట్టుకునేది. "ఇది పందెం బరి కాదండీ, గంపలగూడెం రోడ్డు" అనేది. ఆయన వినిపించుకుంటేగా! తిరువూరు చుట్టుపక్కల నేలంతా ఆయనకు బరే.

ఇది డెబ్బైల నాటి మాట. శివరాత్రి వెళ్ళాక ఊరి బయట బీడులో ఎడ్ల పందేలు పెట్టేవారు. పరుగు పందేలు కావు, బండ లాగుడు. కాడి కట్టిన జత ఒక పెద్ద రాతిబండను ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగితే అంత గొప్ప. బండ లాగే ఆ పొడవాటి నేలనే బరి అంటారు. దాన్ని సిద్ధం చేసే పని ఏటా మా నాన్నది. పలుగురాళ్ళు ఏరించి, ఇనుప పళ్ళ గొర్రు తోలి మట్టిని గుల్ల చేసి, బరువుకు ఇద్దరు మనుషుల్ని ఎక్కించిన పలకతో చదును చేసి, దుమ్ము అణగడానికి నీళ్ళు చల్లించేవాడు. అక్కడితో అయిపోదు. ఒక జత లాగి వెళ్ళాక బండ కింద నేల నున్నగా గాడి పడుతుంది. ఆ గాడిలో ఇంకో జత లాగితే బండ జారుకుంటూ వస్తుంది. అందుకని ప్రతి జతకూ ముందు మళ్ళీ గొర్రు తోలాలి, మళ్ళీ పలక లాగాలి. "ఇల్లలకగానే పండగ కాదు, పైన చదునైతే బరి కాదు" అనేవాడు నాన్న.

మా వైపు ఒక కట్టుబాటు ఉండేది. ఒకే పందెంలో బరి చేసే చెయ్యి కాడి పట్టకూడదు, కాడి పట్టే చెయ్యి బరి ముట్టకూడదు. కాబట్టి ఊరందరి ఎడ్లకూ నేల చదును చేసిన మా నాన్న తన ఎడ్లను ఒక్కసారీ పందెంలో కట్టలేదు. ఇది నాకు చచ్చేంత కోపంగా ఉండేది. మా జత మామూలు జతా? దూడలప్పటి నుంచి ఆయన చేతి మీద పెరిగినవి. సాయంత్రం ఆయన అడుగుల చప్పుడు వింటే చాలు, మేత వదిలేసి తలలెత్తేవి. పత్తి గింజలు నానబెట్టి రుబ్బి పెట్టడం అమ్మ పని. మాకు పాలు తగ్గినా తగ్గేవి గానీ వాటికి దాణా తగ్గేది కాదు.

నేను ఏడో తరగతిలో ఉన్న సంవత్సరం, కాడికి ఎడమవైపు కట్టే దాపటెద్దుకు వయసు మీద పడుతోందని నాన్న గమనించాడు. "ఈ ఒక్క ఏడు కట్టి చూస్తానయ్యా" అని పెద్దలను అడిగాడు. వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. బరి పని మా మేనమామకు, అంటే అమ్మ తమ్ముడికి, అప్పజెప్పారు. ఏళ్ళ తరబడి నాన్న పక్కన పలక లాగినవాడు, పని తెలిసినవాడు. వారం రోజుల పాటు మా ఇంట్లో పందెం మాట తప్ప ఇంకో మాట లేదు. నాన్న పైకి నవ్వేవాడే గానీ అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

పందెం రోజున ఆడవాళ్ళం బళ్ళ మీద కూర్చుని చూస్తున్నాం. పెనుగొలను జత లాగిన దూరానికి జనం ఈలలు వేశారు. అంత దూరం అంతకుముందు ఎవరూ లాగలేదు. ఆ తర్వాత మాది, ఆఖరున రెడ్డిగూడెం జత. మా జతను కట్టేలోపు అమ్మ చెంబుతో బరి అంచుకు వెళ్ళి మామయ్యకు మంచినీళ్ళిచ్చి వచ్చింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. ఎండ దెబ్బేమో అనుకున్నాను.

మా ఎడ్లు కదిలాయి. అబ్బ, ఏం కదలడం! మైకులో అరిచేవాడి గొంతు జనం గోలలో కలిసిపోయింది. ఒక దరి నుంచి ఇంకో దరికి, మళ్ళీ వెనక్కి. పెనుగొలను జత ఆగిన గుర్తుకు ఇంకో బండ పొడవు ఉందేమో. నేను బండి మీద నిలబడి గొంతు చించుకుంటున్నాను. అప్పుడు మా నాన్న పగ్గం గుంజి ఎడ్లను ఆపేశాడు.

ఎడ్లకేమైనా అయిందేమో అనుకున్నాను. వాటికేమీ కాలేదు. ఇంకా సమయం ఉంది. జనమంతా నోరెళ్ళబెట్టి చూస్తుండగా ఆయన బండ ముందుకు వచ్చి వంగి, మట్టిలో చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత కాడి విప్పేశాడు.

"ఏమయ్యా, మతి పోయిందా?" అన్నాడు ఒక పెద్దాయన.

"బండ ముందు మట్టి పోగవ్వట్లేదండి. కింద పాత గాడి అట్టాగే ఉంది. గొర్రు తోలకుండా పైన పలక లాగారు. మా జత లాగింది లెక్కలోకి రాదు" అన్నాడు నాన్న.

కంచే చేను మేసిందని ఎవరో గట్టిగానే అన్నారు. మామయ్య తలెత్తలేదు. పెద్దలు నాలుగు మాటలు అనుకుని, మట్టి తిరగేయిస్తామనీ, రెడ్డిగూడెం జత అయ్యాక మా జత మళ్ళీ లాగొచ్చనీ చెప్పారు. హమ్మయ్య అనుకున్నాను.

"తిరగేసేదెవరండీ? మావాడేగా. ఇప్పుడు మావాడు తోలిన గొర్రుని రెడ్డిగూడెం వాళ్ళు ఎట్టా నమ్ముతారు?" అంటూ నాన్న గొర్రు వైపు నడిచాడు.

"ఏమండీ! ముట్టుకోకండి!"

అరిచింది మా అమ్మ. నలుగురిలో గొంతెత్తడం ఎరగని మనిషి, బండి దిగి, పైట జారుతున్నా చూసుకోకుండా పరిగెత్తింది. ఆయన ఒక్కసారి ఆమెను చూశాడు. చూసి, గొర్రు మేడి పట్టుకున్నాడు. గొర్రు పట్టిన చెయ్యి ఇక కాడి పట్టకూడదు. అంతే, మా పందెం అయిపోయింది. ఆ తర్వాత రెడ్డిగూడెం జత ఎంత లాగిందో, బహుమతి ఎవరికి వచ్చిందో నేను చూడలేదు. బండిలో గడ్డి మీద బోర్లా పడుకుని ఏడ్చాను.

సాయంత్రం మామయ్య మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "నువ్వు ఇంత పని చేస్తావనుకోలేదురా" అన్నాడు నాన్న. అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"వాణ్ణేమీ అనకండి. గొర్రు తోలొద్దని చెప్పింది నేనే."

ఆ మంచినీళ్ళ చెంబు నా కళ్ళ ముందు కదిలింది. మా అమ్మేనా?

"ఇన్నేళ్ళూ అందరి ఎడ్లకీ మీరు నేల చదును చేశారు. మన ఎడ్లకి ఒక్కసారి ఎవరో ఒకళ్ళు చెయ్యగూడదా? పెనుగొలను జతని చూశాక నాకు భయమేసింది. మీరు ఓడిపోయి ఇంటికొస్తే నేను చూళ్ళేను" అంది.

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా బాగుండేది. ఆమె ముఖంలోకి చూసి, "అయితే మన ఎడ్లు గెలవవనుకున్నావన్నమాట" అన్నాడు. ఆయన కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ జత మళ్ళీ పందెం చూడలేదు. మరుసటి ఏడాదికి దాపటెద్దు మోకాలు వాచింది, నాన్న తన బరి పనిలోకి తాను వెళ్ళిపోయాడు. మా జత గెలిచేదో లేదో ఎవరికీ తెలియకుండానే పోయింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, కానీ ఎవరి మీద మండుతోందో చెప్పలేను.

పందెం మర్నాడు పొద్దున్నే పేడ తీయడానికి కొట్టంలోకి వెళ్తే అమ్మ అక్కడుంది. దాపటెద్దు మెడ మీద కాడి ఒరిసిన చోట వేపనూనె రాస్తోంది. "గెలిచేవాడివేరా అయ్యా, గెలిచేవాడివే" అంటోంది దానితో.

"ఆ మాటేదో నాన్నతో చెప్పమ్మా" అన్నాను.

"ఇప్పుడు చెబితే నమ్ముతారా?" అంది.