ఆయుధపూజ నాడు వెనక్కి పోయిన కారు

మా చిన్నప్పుడు... సౌకార్‌పేటలో మా వీధి మొత్తానికి ఒకటే కారు, మా నాయనది. పాత నల్ల కారు, డోరు పక్కన రబ్బరు బుడ్డి హారన్. పప్పుల మండీ నడిపే మనిషికి కారెందుకో నాకు తెలీదు... నన్ను ఊరేగించడానికే కొన్నారని నా పదహారేళ్ల బుద్ధి నమ్మకం.

చదువు మనకు అబ్బలేదు. ఎస్సెల్సీ రెండుసార్లు తప్పాక, "స్టీరింగన్నా పట్టనేర్పు" అని నన్ను డ్రైవరు మునిరత్నం తాతకు అప్పగించారు. నేను నేర్చిందేమిటంటే... నడిచిపోయే ముసలాళ్ల వెనగ్గా కారు మెల్లగా పోనిచ్చి, చెవి పక్కన హారన్ కొట్టడం. వాళ్లు పంచె ఎగ్గట్టి గెంతితే, అబ్బ... ఆ ఆనందమే వేరు!

"అబ్బయ్యా, బండెక్కే ముందు సుట్టూ ఒకసారి తిరుగు. కిందకి వంగి సూడు" అని తాత రోజూ మొత్తుకునేవాడు.

"ఏంది తాతా, ఇదేమన్నా గుడా, ప్రదక్షిణం చేసేదానికి?" అనేవాణ్ణి.

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. కారు కడిగి, బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు ఉంచారు. కారు ముందుకు కదిలి అవి నలిగాక, గుమ్మడికాయతో దిష్టి తీసి వీధి మలుపులో పగలగొట్టాలి. చిన్న బూడిద గుమ్మడికాయకు బొక్క పెట్టి, లోపల కుంకుమ నీళ్లు పోసి సిద్ధం చేశారు. తాత కర్పూరం కోసం లోపలికి వెళ్లాడు.

నిమ్మకాయలు తొక్కించే పని మనదే అనుకుని ఎక్కి కూర్చున్నాను. చుట్టూ చూసిందీ లేదు, వంగిందీ లేదు. తొందరలో గేరు తప్పు పడింది. కారు ఒక్క గెంతు... వెనక్కి! వెనకాల ఫట్‌మని ఏదో పగిలింది.

దిగి చూశాను. వెనక చక్రం కింద ఎర్రగా పారుతోంది... పక్కనే కనకాంబరం చెండు. పొద్దున మా ఆరేళ్ల చెల్లెలు సరోజ జడలో అమ్మ పెట్టిన చెండు.

వంగి చూడాలి. నావల్ల కాలేదు. "పాపా" అని పిలిచాను. పలుకు లేదు. వీధిలో అందర్నీ గెంతించినవాణ్ణి, అదే వీధిలో చతికిలబడ్డాను.

అప్పుడు అరుగు మీది స్తంభం వెనకనుంచి తాత వచ్చాడు. చంకలో సరోజ... దాని నోటికి అడ్డంగా ఆయన చెయ్యి.

"అది కుంకం నీళ్లు, అబ్బయ్యా. బిడ్డ గుమ్మడికాయ ఎత్తుకోని బండెనక నిలబడుండె. గడప దాటతా సూసి ఈడకి లాగేసినా. పలకొద్దని నోరు మూసింది నేనే... ఒక్క నిమిషం నీకు తెలియాలని."

చెయ్యి తియ్యగానే సరోజ రాగం ఎత్తుకుంది. "కాయ పగలగొట్టింది నేను కాదు, అన్నే! నాయనకి చెప్తా!"

నా జన్మలో అంత తియ్యటి చాడీ ఇంకోటి వినలేదు. దాన్ని వాటేసుకుని ఏడ్చాను. అది తీరిగ్గా నా కొత్త చొక్కాకి ముక్కు తుడుచుకుంది.

నాయనతో తాత "కాయ జారిపాయ సామీ" అన్నాడంతే. నన్ను మాత్రం నెల్లాళ్లు స్టీరింగ్ ముట్టనివ్వలేదు. రోజూ కారు చుట్టూ తిరగాలి, కిందకి వంగాలి, "పాపా" అని పిలవాలి. గడపలోంచి "ఊఁ" అని వినిపిస్తేనే డోరు తెరవాలి. ఆ గడుగ్గాయి సరోజ ఈ సంగతి కనిపెట్టేసి, పిప్పరమెంటు అందితే గానీ ఊఁ కొట్టేది కాదు!

ఇప్పుడు మా మనవడి కారు వెనక్కి పోతుంటే దానంతట అదే కుయ్ కుయ్‌మంటుంది. వాడికి మెడ తిప్పే పని కూడా లేదు... నేను చుట్టూ తిరిగి వంగి చూస్తుంటే, "ఏం పోగొట్టుకున్నావ్ తాతా?" అని నవ్వుతాడు.

ఏమీ పోగొట్టుకోలేదురా... అదే చూసుకుంటున్నా.

మీకు బండి నేర్పిన మహానుభావులు మిమ్మల్నెలా దారిలో పెట్టారో కింద రాయండి. మా సరోజ కూడా చదువుతుంది. టి. నగర్‌లో దాని ఇంటి నుంచి నేను బయల్దేరిన ప్రతిసారీ, డెబ్భై దాటిన ఆ ముసల్ది గేటు పట్టుకుని నిలబడి, నేను పిలవకముందే అంటుంది... "ఊఁ".