యాదవ్వ మధ్యాహ్నం క్లాసు

హుస్నాబాద్ దగ్గరి పల్లెలో పదో తరగతి దాటిన కోడలు యాదవ్వ ఒక్కతే. భర్త లింగమూర్తి దుబాయికి పోయి జాడ లేకపోవడంతో, ఎనభైల మొదట్లో కరీంనగర్‌లో నర్సు ట్రైనింగుకు చేరింది. ఏడాదిన్నర చదువు. చంటిపిల్లను అత్త కొమురవ్వ దగ్గర వదిలిపెట్టింది. హాస్టల్లో పిల్లల్ని ఉంచనివ్వరు.

పొద్దటి పాఠాలు బాగానే వినేది. అన్నాలు తిన్నాక మొదలయ్యేది బాధ. ఊళ్లో పిల్ల నిద్రలేచి పాలకు ఏడ్చే వేళ అది. రొమ్ములు గట్టిపడి సలిపేవి, రవిక తడిసేది. కొంగు నిండుగా కప్పుకుని, తడి పైకి కనబడుతుందేమోనని తల వంచుకుని కూర్చునేది. బోర్డు మీద ఏముందో తెలిసేది కాదు.

ఒకనాడు పాఠం చెప్పే జానకీబాయి, బొడ్డు కోసే బ్లేడు ఎంతసేపు మరగబెట్టాలని అడిగింది. యాదవ్వ లేచి నిలబడి, కొంగు ఇంకా గట్టిగా కప్పుకుంది. వెనక ఎవరో నవ్వారు. క్లాసయ్యాక జానకీబాయి తన గదికి పిలిచి, తడిసిన కొంగు చూసి తలుపు దగ్గరగా వేసింది. ఆమె కఠినమైన మనిషి, కానీ గొంతు తగ్గించింది.

"పిల్లను తెచ్చుకోనిచ్చుడు నా చేతుల లేదు. పోతవా, ఉంటవా?"

"ఉంట మేడం. పోతే మాకు ఏం దిక్కు లేదు."

"అయితే విను. మనసు పోతే నిన్ను నువ్వు తిట్టుకోకు. వెనక్కి పోయి జరసేపు నిలబడు. ఏ మాట కాడ వదిలినవో, గాడికెల్లి మళ్ల అందుకో."

అప్పటినుంచి యాదవ్వ గోడకు ఆనుకుని నిలబడే వినేది. మనసు ఊరికి పోయేది, పట్టి లాక్కొచ్చేది, మళ్లీ పోయేది. సగం పాఠమైనా చెవికెక్కేది.

దసరా సెలవులకు ఊరికి పోయింది. కొమురవ్వ ఒళ్లో పిల్ల మేకపాలలో నానిన అన్నం తింటున్నది. యాదవ్వ ఎత్తుకుని రొమ్ము అందిస్తే మొహం తిప్పుకుని, నానమ్మకేసి చేతులు చాచి ఏడ్చింది.

"అలుగకు బిడ్డా. పసిదానికి ఏమెరుక? ఆకలైతే ఎవలు పెడితె వాళ్లే తల్లి," అన్నది కొమురవ్వ.

యాదవ్వ పిల్లను మళ్లీ అత్త ఒళ్లో కూర్చోబెట్టింది. ఇంటి వెనక కందిచేను గట్టున కూర్చుని పాలు మట్టిలోకి పిండేసింది.

తిరిగి వచ్చిన కొద్దిరోజులకే పాలు ఎండిపోయాయి. ఇక నిలబడే పని లేకపోయింది. జానకీబాయి చెప్పిన ప్రతి మాటా సూటిగా చెవిన పడేది. ఇప్పుడు మనసు నిలిచిందని ఆమె అందరి ముందూ మెచ్చుకుంటే, యాదవ్వ బయటికి పోయి నల్లా కింద మొహం పెట్టి ఏడ్చింది.

పరీక్ష పాసయ్యింది. ధర్మపురి దిక్కు ఒక ఊళ్లో ఉద్యోగం వచ్చింది. అత్తనూ పిల్లనూ అక్కడికే తీసుకుపోయింది. లింగమూర్తి తిరిగి రాలేదు. పిల్ల మాత్రం చాలా ఏండ్ల దాకా రాత్రిళ్లు కొమురవ్వ పక్కనే పడుకునేది. రమ్మని యాదవ్వ ఎన్నడూ బలవంతం చేయలేదు.