పగలని గాజుపట్టీలు

మా మామయ్యని, అంటే అమ్మ తమ్ముణ్ణి, ఆఫీసులో గాజుల సర్వేయరు అంటారు. వెక్కిరింతే అయినా ఆయన పని అదే. మా వీధి కొండవాలు మీద ఉంది. గోడ బీటవారిన చోటల్లా బీటకి అడ్డంగా వేలెడంత గాజుపట్టీ అతికించి, మీద తేదీ రాస్తాడు. నెల పోయాక వచ్చి చూస్తాడు. పట్టీ పగిలితే కొండ జారుతున్నట్టు, పగలకపోతే నిలకడగా ఉన్నట్టు. పెళ్లిచూపుల్లో కూడా పిల్లని వదిలేసి గోడలు చూశాడని అమ్మ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

రెండేళ్లలో మా వీధిలో ఒక్క పట్టీ పగల్లేదు. ఆయన లెక్కలో.

మొదటిది పగిలింది మా వంటింట్లోనే. తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారని అమ్మ భయం. బదులుగా కొత్త ఇల్లిస్తారన్న మాట వీధిలో ఎవరూ నమ్మలేదు, నేనూ నమ్మలేదు. అద్దాల కొట్లో పట్టీ కోయించుకొచ్చింది నేనే. పాత తేదీనే దానిమీద అమ్మ రాసింది. మామయ్యకి అక్షరాలు దిద్దించింది అమ్మే కాబట్టి ఇద్దరి రాతా ఒక్కటే. సంగతి తెలిసి ఇంటింటివాళ్లూ కొత్త పట్టీలతో అమ్మ దగ్గరికి వచ్చేవాళ్లు. బీట వెడల్పయితే సున్నం కూరి సన్నం చేసేవాళ్లం. తిలా పాపం తలా పిడికెడు.

ఈసారి వానలకి ముందు మామయ్య నవ్వుకుంటూ వచ్చాడు.

"అక్కా, ఇక నిశ్చింతగా ఉండు. మీ వీధిని ప్రమాదం జాబితాలోంచి తీసేశారు. రిపోర్టు నాదే."

"తీసేస్తే ఏమవుతుందిరా?"

"ఏముంది, కొత్త ఇళ్లు అవతలి వాలు వాళ్లకి వెళ్లాయి. నిన్ననే తాళాలు ఇచ్చేశారు."

అంటే ఇళ్లు నిజంగానే ఇచ్చారు. అమ్మ కాసేపు నన్నే చూసి, అటకమీంచి బిస్కెట్ల డబ్బా దింపింది. మొదటివాటి మీద తమ్ముడి రాత ఉందని పారేయలేక, పగిలిన పట్టీలన్నిటినీ పగిలిన తేదీ వెనక రాసి అందులో దాచి ఉంచింది.

మామయ్య వాటిని నేలమీద పగిలిన తేదీల వరసలో పేర్చాడు. మొదట్లో రెండు నెలలకొకటి. ఈమధ్య వారానికి మూడు.

"ఇది నా రాత" అన్నాడు, ఒకటి తీసి.

"నాది" అంది అమ్మ.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

డబ్బా పట్టుకుని ఆఫీసుకి పరుగెత్తాడు. అధికారి ఫైలు తిప్పి చూపించాడట. "ప్రతి పేజీలో మీ సంతకమే ఉంది. ఇప్పుడు మిమ్మల్ని నమ్మాలా, మీ సంతకాన్ని నమ్మాలా?" మళ్లీ జాబితా వచ్చే ఏడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం.

వానలు పట్టుకున్నాయి. తన ఇంటికి వచ్చెయ్యమన్నాడు మామయ్య.

"నీ రెండు గదుల్లో వీధి మొత్తం పడుతుందా? నా రాత చూసుకునే ఉండిపోయార్రా వాళ్లు" అంది అమ్మ.

ఆయనే పరుపుచుట్ట తెచ్చుకుని మా ఇంట్లో దిగాడు. నాకు భయంగా ఉంది. చెప్పడానికి మొహం చెల్లడం లేదు.

ఈ పొద్దున వంటింటి బీటకి కొత్త పట్టీ అతికించి, కలం అమ్మకిచ్చాడు. "తేదీ నువ్వే రాయక్కా." అమ్మ రాసింది. మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నప్పుడు అది చిటుక్కుమంది. ముగ్గురం విన్నాం. మామయ్య తలెత్తలేదు.

"కూర వెయ్యక్కా" అన్నాడు.