ఒడ్డున నిలబడ్డవాళ్ల పాలు

మేడ్చల్‌లో మా ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసులో ఆటగాళ్ల కాంట్రాక్టులు చూసేది నేనే. ఆట గురించి నాకు తెలిసింది తక్కువ, ఆటగాళ్ల జీతాల గురించి తెలియంది తక్కువ. లీగ్ వాళ్లు ప్రతి జట్టుకూ శాలరీ క్యాప్ పెడతారు. అంటే ఆటగాళ్లందరి జీతాలూ కలిపి ఇంతకు మించకూడదని ఒక గీత. దాటితే జట్టుకు పాయింట్లు కోస్తారు. ఆ గీత నేనే గీశానన్నట్టు మా కోచ్‌కి రోజూ నా మీదే విసుగు.

మా గోల్‌కీపర్‌ది శామీర్‌పేట. చెరువులో చేపలు పట్టే ఇల్లు. ఏటా సంతకానికి వచ్చేటప్పుడు కొర్రమీను తెచ్చేవాడు. వాళ్లమ్మ శుభ్రం చేసి, ఉప్పూ పసుపూ పట్టించి స్టీలు డబ్బాలో పెట్టి పంపేది. కాగితం మాత్రం చదవడు. "చదవవయ్యా, నీ ఇల్లు రాయించుకుంటానేమో" అంటే, "రాయించుకోండ్రి మేడం, మా అమ్మను గూడ మీరే సూస్కోవాలె మల్ల" అనేవాడు. ఈ మనిషంటే నాకు చాలా ఇష్టం. దాచుకోవడం దేనికి!

మొన్నటి సీజన్ ముందు కోచ్ పట్టుబట్టి కొత్త స్ట్రయికర్‌ని తీసుకున్నాడు. ఇక క్యాప్‌లో మిగిలింది, సీనియర్లకు లీగ్ పెట్టిన కనీస జీతానికి కూడా చాలదు. ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక గోల్‌కీపర్‌ని ఆఫీసుకే రమ్మన్నాను.

డబ్బాతో వచ్చాడు. దాన్ని చూడగానే నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు, ఆ డబ్బా మీద. ఉన్న సంగతి గబగబా చెప్పేశాను.

అతను తొణకలేదు. "నాకెరుకే మేడం. జట్టోళ్లతోని మాట్లాడిన. నేను జీతం లేకుండనే ఆడుతున్నట్టు రాస్కోండ్రి, వాళ్లు తలా ఇంత తీసి నాకిస్తమన్నరు. మా చెరువు కాడ గట్లనే. వల గుంజినోళ్లకే గాదు, నీళ్లల్లకు దిగలేక ఒడ్డున నిలవడ్డోళ్లకు గూడ చేపలల్ల పాలు తీస్తం."

అందరూ సరేనన్నారట! జీతాలు చాటుగా పంచుకుంటే క్యాప్‌ను మోసం చేసినట్టే లెక్క.

"మీలో ఒక్కడికైనా మతి ఉందా? లీగ్‌కి తెలిస్తే జట్టంతా మునుగుతుంది. ఇది చెరువు కాదు!" అని అరిచాను.

"మంచికే గదా మేడం" అన్నాడు చిన్నబోయి.

మంచికే. నా రూల్స్‌లో ఆ మాటకు చోటు లేదు. అలా అరిచినందుకు నా మీద నాకే అసహ్యమేసింది. కోచింగ్ సిబ్బంది జీతాలు క్యాప్ కిందికి రావు కనుక, పిల్లలకు గోల్‌కీపింగ్ నేర్పే పని ఇప్పిస్తానన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా ఆడాలని ఉన్నది మేడం. వేరే జట్టు సూస్కుంట."

లేచి బయల్దేరాడు. డబ్బా నా బల్ల మీదే ఉండిపోయింది. సంతకమే లేనప్పుడు ఆ చేప ఏ మొహంతో తీసుకోను? "డబ్బా మర్చిపోయావు" అన్నాను.

గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"మర్చిపోలే. ఇన్నేండ్లు మీరు గూడ మా ఒడ్డున నిలవడ్డరు గదా మేడం. గది మీ పాలు."