పొంగని పాలు

పాతది పీకేసి కొత్తది కట్టిస్తున్నాం కాబట్టి, ఆరు వారాలుగా ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లోని మా ఇంట్లో వంటిల్లు లేదు. రైస్ కుక్కర్ మెట్ల మీద, పోపుల డబ్బా బెడ్‌రూమ్‌లో. ఈ రోజు మధ్యాహ్నం ఫిట్టర్ స్టీవ్ కొత్త ఇండక్షన్ స్టవ్ బిగించి పనిముట్లు సర్దుకుంటున్నాడు. అతను వెళ్లేదాకా కూడా ఆగలేక, పాలు పొంగించడానికి గిన్నె పెట్టేశాను. పక్కన మా అత్తయ్య చేతులు జోడించి నిలబడ్డారు.

పాలు అంచు దాకా లేచాయి. స్టీవ్ ఒక్క ఉదుటున వచ్చి గిన్నె ఎత్తేశాడు. తను సమయానికి చూశాడు కాబట్టి సరిపోయిందని, లేకపోతే కొత్త స్టవ్ అంతా పాలమయం అయ్యేదని ఇంగ్లీషులో చెప్పి గర్వంగా నవ్వాడు.

"పొంగినట్టేనా అత్తయ్యా?" అన్నాను.

"అంచు దాకా వస్తే పొంగినట్టెలా అవుతుందమ్మా? మళ్లీ పెట్టు."

స్టీవ్‌కి మన ఆచారం వివరించి మళ్లీ పెట్టాను. ఈసారి అతను చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. పాలు లేస్తుంటే, స్టవ్ మీద మరక లేని ఆ నల్లటి అద్దం చూసి నాకు మనసొప్పలేదు. స్టవ్ ఆపేసింది నేనే.

అప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. రెండు సగాలు కలిపితే ఒక పొంగు కింద లెక్క కాదా? తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి. అత్తయ్య మూడో గిన్నె పెడుతున్నారు. ఈసారి నన్ను వంటింట్లోకి రానివ్వరట.